ఎనిస్‌లో చెప్పిన వెలి

వేదిక మీది పెద్దలకు, సభకు నమస్కారం. చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ జీవితమంతా చెప్పమన్నారు. ఐర్లండ్‌లో విక్లో జమీందారీ బిడ్డ. అప్పుడు ఐర్లండ్ బ్రిటిష్ పాలనలో ఉండేది. 1875లో లండన్ పార్లమెంటుకు వెళ్లాడు. 1885 ఎన్నికల్లో తన పార్టీవాళ్లు 86 మందిని గెలిపించుకుని లండన్ ప్రభుత్వాల జుట్టు చేతబట్టాడు. 1891లో నలభై అయిదేళ్లకే పోయాడు. జీవితం ఇంతే చెబుతాను, ఎందుకంటే నాకు 1880 సెప్టెంబర్ 19 కావాలి. ఆ రోజు ఐర్లండ్‌లోని ఎనిస్ ఊళ్లో సభ.

మైకేల్ డేవిట్ అనే నాయకుడి పూనికతో పుట్టిన కౌలు రైతుల సంఘం లాండ్ లీగ్‌కు పార్నెల్ అధ్యక్షుడు. కౌలు కట్టలేని రైతును జమీందారు వెళ్లగొడితే, ఆ పొలానికి మరో రైతు పోటీపడి వస్తాడు. అసలు కీలకం ఆ రెండోవాడు. వాడు రాకపోతే పొలం బీడే. అలాంటివాణ్ణి ఏం చేద్దామని పార్నెల్ అడిగితే కాల్చేద్దామని కేకలు లేచాయి. కాదన్నాడాయన. దారిలో, కొట్టు దగ్గర, సంతలో, చర్చిలో వాడితో పలకకండి, పూర్వం కుష్ఠురోగిని దూరం పెట్టినట్టు పెట్టండన్నాడు.

అయ్యా, అమ్మా, ఇది గమనించండి. మన ఊళ్లలో వెలి అంటే బలవంతుడు బలహీనుణ్ణి వేసేది. అక్కడ కౌలుదార్లే వేశారు!

కొద్ది రోజులకే ఐర్లండ్‌లోని మేయోలో జమీందారు లార్డ్ ఎర్న్ ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్ రైతులకు పొలాలు ఖాళీ చేయమని నోటీసులు పంపించాడు. వాళ్లడిగింది కౌలులో నాలుగో వంతు తగ్గింపు. దాంతో జనం బాయ్‌కాట్‌నే వెలివేశారు. ఇంటి పనివాళ్లు వెళ్లిపోయారు. కమ్మరి రాలేదు, బట్టలుతికే మనిషి రాలేదు, ఉత్తరాలు తెచ్చే కుర్రాడూ మానేశాడు. దుంపలు పొలంలోనే ఉన్నాయి. ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ నుంచి 50 మంది కూలీలొస్తే, వాళ్లకు కాపలా సుమారు వెయ్యి మంది సైనికులు, పోలీసులు. దాదాపు 500 పౌండ్ల పంట ఇంటికి చేరడానికి 10,000 పౌండ్లు అయ్యాయంటారు. మనం రోజూ వాడే బాయ్‌కాట్ మాట ఆ మనిషి పేరే. పార్నెల్ చెప్పింది పొలం పట్టినవాడి గురించి. జనం దాన్ని ఏజెంటు దాకా తీసుకెళ్లారు.

ఇదే మనుషులతో మరుసటి ఏడాది ఇంకో పిలుపు తేలిపోయింది. 1881 అక్టోబర్‌లో పార్నెల్‌ను కిల్‌మైన్‌హామ్ జైల్లో పెట్టారు. లోపలి నుంచి నాయకులు అసలు కౌలే కట్టొద్దని ప్రకటించారు. కానీ ఆ ఏడాది చట్టంతో కోర్టు కౌలు తగ్గించే దారి తెరుచుకుంది. తగ్గింపు చేతికందుతుంటే పొలాన్ని పణం పెట్టేదెవరు? రైతులు కోర్టుకే వెళ్లారు.

బకాయిలున్నవాళ్లకు మాత్రం ఆ తలుపు మూసే ఉంది. 1882 మేలో పార్నెల్ విడుదల వెనక సర్కారుతో కుదిరిన బేరం వాళ్ల కోసమే. ఆ ఏడాది వచ్చిన చట్టం ప్రకారం చిన్న రైతు ఒక ఏడాది కౌలు కట్టాలి, మిగిలిన బకాయిలో సగం, ఏడాది కౌలుకు మించకుండా, సర్కారు కడుతుంది. తక్కినదంతా రద్దు.