అనంతపురంలో సెకండ్స్ హిమాలయన్ 411: హ్యాండిల్ తిప్పి చూసినాక ధర మాట్లాడండి

నమస్తే అప్పా అందరికీ. ముందే చెప్పేస్తా, ఈ బండి నాది కాదు. మన అనంతపురంలోనే ఒక సెకండ్స్ షోరూమ్ వాళ్లు కొన్నాళ్లు తిప్పుకోమని తాళం చేతికిచ్చినారు, ట్యాంకు కూడా వాళ్లే నింపినారు. పెట్రోలు వాళ్లది, నోరు మాత్రం నాదే.

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2021 మోడల్. మీటర్ పక్కన ఈ గుండ్రటి ట్రిప్పర్, అంటే దారి చూపించే చిన్న తెర, కనపడుతోందా, అది ఆ ఏడాదే వచ్చింది. 411 సీసీ, 24 గుర్రాలు, 15 లీటర్ల ట్యాంకు... ఇవన్నీ మీరు ఎప్పుడో చూసేసుంటారు, వదిలేద్దాం. 2023 నవంబర్‌లో కొత్త 450 దిగినప్పటి నుంచి పాత 411లు అమ్మకానికి శానా కనపడుతున్నాయి. అందుకే ఈ వీడియో.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది సెంటర్ స్టాండ్. నవ్వకండప్పా! కంపెనీ నుంచే వస్తుంది. సెకండ్స్‌లో బండి కొనేవాడికి ఇంతకన్నా మంచి పరికరం లేదు. ఇట్లా స్టాండేసి, వెనక మీ ఫ్రెండును కూర్చోబెట్టండి. ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. ఇప్పుడు హ్యాండిల్‌ను రెండు వేళ్లతో నిదానంగా ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పండి. నున్నగా పోవాల. సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి టక్కున పట్టినట్టయిందా? కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, పోయిందని అర్థం. గుంతల్లో పడినప్పుడల్లా హ్యాండిల్ నేరుగానే ఉంటుంది కదా, దెబ్బలన్నీ అక్కడే తగిలి బేరింగు కప్పుకు గాట్లు పడతాయి. ఈ బండికి పట్టింది. చూడండి, మళ్లీ తిప్పుతా... అదిగో. షోరూమ్ అబ్బాయి "ఒకే ఓనరప్పా, ఆఫీసుకు మాత్రమే వాడినాడు" అన్నాడు. ఆఫీసు గండికోట లోయలో ఉందేమో మరి.

అట్లే ముందు చక్రం తిప్పుతూ పుల్లల మీద, అంటే స్పోకుల మీద, స్పానరుతో తట్టుకుంటూ పోండి. బిగువున్న పుల్ల టింగుమంటుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది. మీటర్లో కిలోమీటర్లు తక్కువున్నాయని మురిసిపోయేవాళ్లు ఈ పని చేయరు. 44 హైవే మీద 40 వేలు తిరిగిన బండికన్నా, రాళ్లలో 10 వేలు తిరిగిందే ఎక్కువ అరిగుంటుంది.

నా పాత బండి ఇంపల్స్. హీరో వాళ్లు 2011లో తెచ్చినారు, 150 సీసీ. తేలిగ్గా ఉండేది, యాడికైనా దూరేది. ఇది 199 కిలోలు. పార్కింగులో వెనక్కి తోయాలంటే నడుము గుర్తొస్తుంది. పెనుకొండ వైపు హైవే మీద 100 దాటించాలంటే కూడా ఓపిక కావాల. కానీ తాడిపత్రి దాటి, జమ్మలమడుగు మీద నుంచి గండికోట పోయే దారిలో తారు వదిలి రేగడి బాటలో దింపినా చూడండి, కాళ్లు పెట్టుకునే పెగ్స్ మీద లేచి నిలబడితే ఆ 21 అంగుళాల ముందు చక్రం గుంతలను లెక్కే చేయలేదు. ఇంపల్స్‌లో ఉన్న సరదా మళ్లీ వచ్చింది.

తిరుగు ప్రయాణంలో పంక్చర్. సర్కారు తుమ్మ ముల్లు, వేలంత ఉంది. పుల్లల రిమ్ము కాబట్టి లోపల ట్యూబే, చక్రం విప్పాల్సిందే. బండిని ఎత్తి నిలబెట్టడానికి పంక్చరాయన రాళ్లు వెతకబోయినాడు. నేను సెంటర్ స్టాండ్ వేసినా. చెప్పినా కదా!

ఇంక కాయితాలు. ఇది కేఏ నంబరు బండి, అంటే కర్ణాటకది. మనకు బెంగళూరు దగ్గర కాబట్టి సగం బండ్లు అట్లే వస్తాయి. ఫారం 28, అంటే బండి వేరే చోటికి పోవడానికి అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్ఓసీ లేకుండా అడ్వాన్సు ఇవ్వద్దు. వేరే రాష్ట్రం బండి 12 నెలలు దాటి ఇక్కడే ఉంటే కొత్త నంబరు తీసుకోవాలని చట్టంలోనే ఉంది. ఇక్కడ లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టాల, ఆ డబ్బు బేరంలోనే కలుపుకోండి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు. ఆర్సీలో లోను కనపడితే బ్యాంకు సంతకంతో ఫారం 35.

తీసుకోవచ్చా అంటే, లెక్క ప్రకారం వద్దనాల. కోన్ సెట్ మార్చాల, ట్యాక్సు కట్టాల, బరువు ఎక్కువ. కానీ ఆ రేగడి బాట నన్ను వదలడం లేదు. షోరూమ్ వాళ్లను ఎన్ఓసీ తెప్పించమన్నా. వచ్చిందంటే ఈ బండి కోసం మీరెవరూ ఫోన్ చేయద్దండి, నేనే తీసుకుంటున్నా.