లైసెన్సు ఉన్నవాళ్లకు డిగ్రీ ఎందుకు?

మిత్రులారా, నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది విమానాలకు మరమ్మతులు చేసే హ్యాంగర్‌లో పనిచేస్తున్నవాళ్లే. కొందరు హెచ్‌ఎన్‌డీ (హయ్యర్ నేషనల్ డిప్లొమా) పూర్తిచేశారు, కొందరికి విమాన మెయింటెనెన్స్ మీద సంతకం చేసే బీ1 (మెకానికల్) లేదా బీ2 (ఏవియానిక్స్) లైసెన్సు ఉంది, ఇంకొందరు లైసెన్సు పరీక్షల మాడ్యూళ్లు రాస్తూ మధ్యలో ఉన్నారు. అందరూ అడుగుతున్నది ఒకటే: "ఇంకో ఏడాది చదివితే ఎయిర్‌క్రాఫ్ట్ ఇంజనీరింగ్ డిగ్రీ చేతికొస్తుంది కదా, చేయమంటారా, వద్దంటారా?"

జీతం పెరుగుతుందా అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఈ సాయంత్రమంతా దానికే సరిపోతుంది. అది కంపెనీని బట్టి, దేశాన్ని బట్టి, మీ అదృష్టాన్ని బట్టి ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది వేరు. మాన్యువల్‌లో ఉన్న పరిమితిని సరిగ్గా పాటించడం మీకు వచ్చు. ఆ పరిమితి అక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలన్న దురద మీకుందా? ఉంటే టాప్-అప్ డిగ్రీ, అంటే ఉన్న చదువుకు చివరి ఏడాది కలిపి పూర్తిచేసే డిగ్రీ చేయండి. కేవలం నైట్ షిఫ్టుల నుంచి బయటపడటానికే అయితే ఇంకా తేలికైన దారులున్నాయి.

ముందు లెక్క చూద్దాం. టాప్-అప్ అనే ఏర్పాటు బ్రిటన్‌లో బాగా స్థిరపడింది కాబట్టి ఆ కొలతలే చెబుతాను. అక్కడ ఆనర్స్ డిగ్రీ అంటే 360 క్రెడిట్లు. హెచ్‌ఎన్‌డీ గానీ ఫౌండేషన్ డిగ్రీ గానీ పూర్తిచేస్తే 240 క్రెడిట్ల దాకా వచ్చినట్టు. మిగిలినవి చివరి ఏడాదివి, 120. ఒక్కో క్రెడిట్‌కు 10 గంటల చదువు అని అంచనా వేస్తారు, అంటే మొత్తం 1200 గంటలు. ఫుల్‌టైమ్ అయితే ఒక విద్యా సంవత్సరం, ఉద్యోగం చేస్తూ అయితే సాధారణంగా రెండేళ్లు. షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు ఆ 1200 అనే అంకెను ఇంట్లోవాళ్లకు ముందే చూపించడం మంచిది.

లైసెన్సు మాత్రమే ఉన్నవాళ్ల సంగతి కొంచెం వేరు. లైసెన్సు చట్టం ఇచ్చిన అధికారం, డిగ్రీ విశ్వవిద్యాలయం ఇచ్చే అర్హత. ఒకటి ఉంటే రెండోదానిలో ఇన్ని క్రెడిట్లు అని అన్నిచోట్లా చెల్లే పట్టిక ఏదీ లేదు. ప్రతి విశ్వవిద్యాలయం మీ మాడ్యూళ్లు, శిక్షణ, అనుభవం చూసి తనకు తానుగా తేల్చుకుంటుంది. కొన్నిచోట్ల ముందు లెక్కల బ్రిడ్జ్ కోర్సు చేయమంటారు. చేయమంటే గొణగకుండా చేయండి. ఎందుకో చెబుతాను.

యూరప్‌లో మెయింటెనెన్స్ లైసెన్సుల నిబంధన పేరు పార్ట్-66, దాని పరీక్షల్లో మొదటి మాడ్యూల్ లెక్కలే. అందులో అంకగణితం, బీజగణితం, జ్యామితి, కొంత త్రికోణమితి ఉన్నాయి. కాల్క్యులస్ లేదు. డిగ్రీ చివరి ఏడాదిలో కంపనాలు, కంట్రోల్ సిస్టమ్స్, స్ట్రక్చర్స్ ఏది తెరిచినా మొదటి పేజీలోనే డిఫరెన్షియల్ ఈక్వేషన్ ఎదురొస్తుంది. విమానం ముక్కు అటూ ఇటూ ఊగకుండా ఆపే యా డ్యాంపర్ ఎందుకు ఉందో, అది పనిచేయకపోతే ఏ పరిమితులతో విమానాన్ని పంపవచ్చో మీకు బాగా తెలుసు. ఆ ఊగిసలాటను రెండో ఆర్డర్ సమీకరణంగా రాసి, డ్యాంపింగ్ ఎంతుంటే ఎన్ని సెకన్లలో సద్దుమణుగుతుందో తేల్చమంటే చేయి ఆగిపోతుంది. చాలామంది తడబడేది ఇక్కడే. తెలివి తక్కువై కాదు, ఆ పనిముట్టు ఇంతవరకూ ఎవరూ చేతికివ్వలేదు, అంతే.

పరీక్షల తీరూ తలకిందులే. పార్ట్-66లో ప్రశ్నకు మూడు జవాబులిస్తారు, ఒకటి ఎంచుకోవాలి, ప్రశ్నకు 75 సెకన్లు, పాస్ కావాలంటే 75 శాతం. బ్రిటిష్ విశ్వవిద్యాలయంలో పాస్ మార్కు 40, ఫస్ట్ క్లాసుకు 70. లైసెన్సు పరీక్షలకు అలవాటుపడ్డ టెక్నీషియన్‌కు మొదటి అసైన్‌మెంట్‌లో 64 వస్తే ఇంటికెళ్లి ముఖం మాడ్చుకుని కూర్చుంటాడు. అది అప్పర్ సెకండ్, మంచి మార్కే అని ఎవరో ఒకరు చెప్పాలి. పనిలో పనిగా ఇవాళ నేనే చెప్పేశాను.

ఇక అసలు విషయానికి వద్దాం. పరిమితి ఎక్కడి నుంచి వస్తుంది?

సన్నగా ఉండే ఒక ప్రయాణికుల విమానాన్ని తీసుకుందాం. ఫ్యూజలాజ్ (విమానం గొట్టంలాంటి శరీరం) వ్యాసార్థం సుమారు 2 మీటర్లు, స్కిన్ (దాని పైరేకు) మందం 1.6 మిల్లీమీటర్లు అనుకుందాం. పైకెళ్లాక లోపలికీ బయటికీ మధ్య పీడనంలో తేడా 60 కిలోపాస్కల్స్ అనుకోండి. పీడనాన్ని వ్యాసార్థంతో గుణించి మందంతో భాగిస్తే స్కిన్ చుట్టూ పడే స్ట్రెస్, అంటే లోహం లోపలి ఒత్తిడి, వస్తుంది: 75 మెగాపాస్కల్స్. స్కిన్‌కు ఎక్కువగా వాడిన 2024-టీ3 అనే రకం అల్యూమినియం సాగడం మొదలయ్యేది 345 దగ్గర. అంటే పడుతున్నది దాని శక్తిలో నాలుగో వంతు కూడా కాదు. మరి అంత మందం దేనికి? సగానికి తగ్గించి బరువు ఆదా చేసుకోవచ్చు కదా?

చేయకూడదు, ఎందుకంటే ఆ 75 ఒక్కసారి పడి ఊరుకోదు. ప్రతి ఫ్లైటులో ఒకసారి నిండుతుంది, ఒకసారి ఖాళీ అవుతుంది. లోహం అలిసిపోతుంది, రివెట్ రంధ్రం అంచున పగులు పుడుతుంది. పగులు పెరిగే వేగం స్ట్రెస్‌తో సమానంగా పెరగదు. పగుళ్ల లెక్కకు వాడే పారిస్ సూత్రం ప్రకారం స్ట్రెస్‌కు ఒక ఘాతాంకం పెట్టినట్టు పెరుగుతుంది, అల్యూమినియానికి ఆ ఘాతాంకం రఫ్‌గా 3 అనుకోవచ్చు. కాబట్టి అదే పొడవున్న పగులు మీద స్ట్రెస్ రెట్టింపైతే పగులు ఎనిమిది రెట్ల వేగంతో పాకుతుంది. టాస్క్ కార్డు మీద ఫలానా చోట ఇన్ని సైకిల్స్‌కోసారి (పీడనం ఒకసారి నిండి ఖాళీ అయితే ఒక సైకిల్) ఎడ్డీ కరెంట్ పరీక్ష, అంటే కరెంటుతో పగుళ్లు వెతికే పరీక్ష, అని మీరు చదివే అంకె ఈ లెక్క లోంచే బయటికొస్తుంది. కంటికో పరికరానికో కనిపించేంత పగులు, విమానం తట్టుకోలేనంత పగులుగా మారడానికి పట్టే కాలాన్ని లెక్కకట్టి, ఆలోపు ఒకటికంటే ఎక్కువసార్లు దొరికే అవకాశం ఉండేలా విరామం పెడతారు.

గంటలు కాకుండా సైకిల్స్ ఎందుకు లెక్కపెడతారన్నదీ ఇక్కడే తేలిపోతుంది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 737కు గాల్లో ఉండగానే ముందు భాగంలో పైకప్పు ఊడిపోయింది. ఆ విమానం ఎగిరిన గంటలు 35 వేల పైచిలుకే. ఫ్లైట్లు మాత్రం 89 వేలకు పైగా. దీవుల మధ్య చిన్న చిన్న ప్రయాణాలు కదా, పీడనం నిండడం, ఖాళీ అవడం అన్నిసార్లూ జరిగింది.

నేను విద్యార్థులతో ఎక్కువసేపు గడిపేది మాత్రం జపాన్ ఎయిర్‌లైన్స్ 123 మీద. 1978లో ఒసాకాలో దిగుతుండగా ఒక 747 తోక నేలకు తగిలింది. వెనక ప్రెషర్ బల్క్‌హెడ్, అంటే క్యాబిన్ పీడనాన్ని ఆపి ఉంచే వెనక గోడ, దెబ్బతింది. తయారీ సంస్థ బృందమే వచ్చి మరమ్మతు చేసింది. డ్రాయింగ్ ప్రకారం అతుకు మధ్య ఒకే ముక్కగా ఉండే స్ప్లైస్ ప్లేటు (రెండు భాగాలను కలిపే రేకు) పెట్టాలి, మూడు వరసల రివెట్లు దాన్ని పట్టుకోవాలి. అమర్చినప్పుడు ఆ ప్లేటు రెండు ముక్కలైంది. వరసలు మూడూ ఉన్నాయి, రివెట్లన్నీ ఉన్నాయి. కానీ ప్లేటు తెగిన చోట లోడు దాటాలంటే మిగిలింది ఒక్క వరసే. రెండు వరసలు పంచుకోవాల్సిన భారం ఒక్కదాని మీద పడింది.

ఆ తర్వాత కూడా విమానం 12 వేలకు పైగా ఫ్లైట్లు చేసింది. దీన్ని కాస్త ఆలోచించండి. తప్పు మరమ్మతు మొదటి రోజునో మొదటి నెలలోనో బయటపడలేదు, ఏడేళ్లు చక్కగా పనిచేసింది. 1985 ఆగస్టు 12న బల్క్‌హెడ్ చిరిగింది. లోపలి గాలి ఒక్కసారిగా తోకలోకి తన్నుకొచ్చి నిలువు ఫిన్‌లో చాలా భాగాన్ని ఎగరగొట్టింది, నాలుగు హైడ్రాలిక్ సిస్టమ్‌లూ పోయాయి. విమానంలో ఉన్న 524 మందిలో బతికింది నలుగురే.

డ్రాయింగ్ గీసినవాళ్లకు లోడు ఏ దారిలో వెళుతుందో తెలుసు. ఆ కాగితం హ్యాంగర్‌కు వచ్చేసరికి ఆ దారి దాని మీద కనిపించదు. కనిపించేది ఒక ప్లేటు, దాని కొలతలు, కొన్ని రంధ్రాలు. ఆ ప్లేటు దగ్గర నిలబడ్డవాళ్లలో ఒక్కరికి "ఇక్కడ కోస్తే లోడు ఎటు పోతుంది?" అన్న ప్రశ్న పుట్టి ఉంటే? చేతిపని, స్ట్రక్చర్స్ రెండూ తెలిసినవాళ్లు ఈ రంగానికి ఎందుకు కావాలో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

అయితే ఈ చదువుతో వచ్చే ఒక ముప్పు గురించి కూడా చెప్పాలి. నియమాల ప్రకారం పెద్ద విమానాల నిర్మాణానికి సేఫ్టీ ఫ్యాక్టర్ 1.5. సర్వీసులో ఎదురయ్యే గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలి. ఇది నేర్చుకున్న వారానికే కొందరికి ధైర్యం ఎక్కువవుతుంది: "మార్జిన్ ఉందిలే, ఈ మాత్రానికి ఏం కాదు." ఆ మార్జిన్ మీరు వాడుకోవడానికి పెట్టింది కాదు. అది లోహంలో తేడాలకు, లెక్కలో అంచనాలకు ముందే ఖర్చైపోయింది. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 ఫ్లైటులో కాక్‌పిట్ అద్దం ఊడిపోయి కెప్టెన్ సగం బయటికి లాగబడ్డాడు. ఆయన బతకడం అదృష్టం. ముందురోజు తెల్లవారుజామున బిగించిన 90 బోల్టుల్లో 84 అసలు వ్యాసం కంటే సన్నవి. తేడా 0.026 అంగుళాలు. పార్ట్స్ కేటలాగ్ చూడకుండా పాత బోల్టుతో కంటికి సరిపోల్చి ఎంచుకున్నవి. చదువు ఎంతున్నా టార్క్ (బోల్టు ఎంత బిగించాలన్న) విలువ మాన్యువల్‌లో ఉన్నదే, బోల్టు కేటలాగ్‌లో ఉన్నదే. అనుమానం వస్తే పని ఆపి, రాతపూర్వకంగా అడగండి. డిగ్రీ వల్ల ఆ ప్రశ్నను పదునుగా రాయడం వస్తుంది, సొంతంగా మార్చే అధికారం రాదు.

డిగ్రీ వల్ల చట్టంలో ఏదైనా మారుతుందా? కొంచెం మారుతుంది. బీ1, బీ2 సంతకాల హక్కు డిగ్రీతో రాదు. కానీ యూరప్ నిబంధనల్లో సీ కేటగిరీ ఉంది కదా, బేస్ మెయింటెనెన్స్ పూర్తయ్యాక మొత్తం విమానాన్ని విడుదల చేసే సంతకం. దానికి బీ1, బీ2 అనుభవం మీదుగా వెళ్లే దారి ఒకటి. సంబంధిత సాంకేతిక డిగ్రీ ఉండి, విమాన మెయింటెనెన్స్ వాతావరణంలో మూడేళ్లు పనిచేసి, అందులో ఆరు నెలలు బేస్ మెయింటెనెన్స్ పనులు గమనించి వెళ్లే దారి రెండోది. ఇక డిజైన్ ఆఫీసులు, మరమ్మతు స్కీములు ఆమోదించే విభాగాల్లో డిగ్రీ లేకుండా తలుపు తెరుచుకోవడం కష్టం. హ్యాంగర్ అనుభవం ఉన్న గ్రాడ్యుయేట్లు అక్కడ తక్కువ. ఏ ప్యానెల్ వెనక చేయి దూరదో తెలిసినవాడు మరమ్మతు స్కీము గీస్తే కింద పనిచేసేవాళ్లు దణ్ణం పెడతారు.

ఉద్యోగం పూర్తిగా మానేసి చదవాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. సర్టిఫై చేసే హక్కు నిలవాలంటే గత రెండేళ్లలో కనీసం ఆరు నెలల పని ఉండాలి. ఒక ఏడాది ఫుల్‌టైమ్ చదువుతో ఏమీ పోదు. ఆ తర్వాత మాస్టర్స్ అంటూ సాగదీస్తే మాత్రం లెక్క చూసుకోవాలి.

కోర్సు ఎంచుకునేటప్పుడు అది ఆనర్స్ డిగ్రీయేనా, ఇంజనీరింగ్ వృత్తి సంస్థ గుర్తింపు ఉందా, ఉంటే ఏ స్థాయికి అని అడగండి. బ్రిటన్‌లో ఇన్‌కార్పొరేటెడ్ ఇంజనీర్, చార్టర్డ్ ఇంజనీర్ అని రెండు మెట్లున్నాయి. బ్యాచిలర్స్‌తో చార్టర్డ్‌కు కావాల్సిన చదువు సాధారణంగా పూర్తి కాదు, ఇంకా పైచదువు కావాలి. కోర్సు బ్రోషర్లో ఈ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. వేరే దేశంలో ఉద్యోగం చూస్తున్నవాళ్లు, చివరి ఏడాది మాత్రమే ఆ విశ్వవిద్యాలయంలో చదివిన డిగ్రీని అక్కడ ఎలా లెక్కిస్తారో ఫీజు కట్టకముందే కనుక్కోండి.

ప్రాజెక్టు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. సాధారణంగా 30, 40 క్రెడిట్లు దానివే, అంటే 300, 400 గంటలు. చాలామంది తమ అనుభవాన్ని గేటు దగ్గరే వదిలేసి, కొత్త రకం డ్రోన్ డిజైన్ అని మొదలుపెడతారు. అది ఇరవై ఏళ్ల కుర్రాళ్లు మీకంటే బాగా చేస్తారు. మీరు మళ్లీ మళ్లీ మార్చిన భాగం ఏదో ఒకటి ఉంటుంది. ఎప్పుడూ అదే చోట పగిలే బ్రాకెట్టో, అనుకున్నదానికంటే ముందే పోయే బేరింగో. దాన్ని తీసుకోండి. లోడు ఎంతో కొలవండి, మోడల్ చేయండి, మీ మోడల్ చెప్పిన చోటే పగులు వస్తోందో లేదో చూడండి. రాకపోతే ఇంకా మంచిది, రాయడానికి సరుకు దొరికినట్టే. కంపెనీ డేటా వాడే ముందు మాత్రం లిఖితపూర్వక అనుమతి తీసుకోండి.

దరఖాస్తుకు మీ మాడ్యూల్ ఫలితాలు, లాగ్‌బుక్, పాత కోర్సు మార్కుల జాబితాతో పాటు ఆనాటి సిలబస్ కూడా అడుగుతారు. సర్టిఫికెట్లు అందరూ దాచుకుంటారు, సిలబస్ ఎవరూ దాచుకోరు. మీ కాలేజీ ఆఫీసులో అడిగి, స్టాంపు వేయించి తెచ్చుకోండి. ఇక ప్రశ్నలు అడగండి. లెక్కల గురించి అడగడానికి సిగ్గుపడుతున్నవాళ్లు ముందు అడిగితే సంతోషిస్తాను.