అవిసె నూనె చెంచాడు చాలు

శ్రోతలకు నమస్కారం. పొద్దున్నే హైదరాబాద్‌లో ఏ పార్కుకు వెళ్లినా, వాకింగ్ చేసేవాళ్ల నోట అవిసె నూనె మాట వినబడుతోంది. గుండెకు మంచిదట, కీళ్లకు మంచిదట, జుట్టుకు కూడానట! ఇన్ని 'అట'లు చేరినప్పుడు కాస్త నిదానంగా చూడాలి.

ఈ నూనెలో దాదాపు సగం ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. ఇది ఒమేగా-3 కొవ్వు. మన ఒంట్లో తయారు కాదు, తిండి ద్వారానే అందాలి. అమెరికా పోషకాహార ప్రమాణాల ప్రకారం మగవారికి రోజుకు 1.6 గ్రాములు, ఆడవారికి 1.1 గ్రాములు చాలు. ఒక్క టీస్పూను నూనెలోనే 2 గ్రాములకు పైగా ఉంటుంది. అయితే చేప నూనెలో దొరికే ఈపీఏ, డీహెచ్ఏ అనే వేరే ఒమేగా-3 కొవ్వులు ఇందులో లేవు. మన శరీరం ఈ ఆమ్లాన్ని వాటిగా మార్చుకోగలదు గానీ, అలా మారేది చాలా కొద్ది. చేపకు బదులు ఇదే అని ఎవరైనా అమ్మజూపితే పూర్తిగా నమ్మకండి.

ఇంకో సంగతి. పెయింట్లలో కలిపే లిన్సీడ్ ఆయిల్, క్రికెట్ బ్యాటుకు పట్టించే నూనె ఈ గింజదే. స్టీలు పళ్లెం మీద ఓ చుక్క పూసి కొన్నాళ్లు వదిలేయండి, జిగురు పట్టి పొరలా గట్టిపడుతుంది. గాలిలోని ఆక్సిజన్‌ను త్వరగా పట్టుకునే ఆ గుణమే చెక్కకు మెరుపునిస్తుంది. సీసాలో ఉన్న నూనెను పాడుచేసేదీ అదే. తాజా నూనె కమ్మగా, కాస్త వగరుగా ఉంటుంది. పాడైందంటే కొత్తగా రంగు వేసిన గదిలా గుప్పుమంటుంది. అది పారేయాల్సిందే, ఖరీదు చూసి మొహమాటపడొద్దు. ఇక పెయింట్ల దుకాణంలోది ఎంత చవకైనా తాగేది కాదు, అందులో త్వరగా ఆరేందుకు రసాయనాలు కలుపుతారు.

మన ఎండల్లో, దుకాణం ముందు వరసలో మెరుస్తున్న తెల్ల గాజు సీసా మాత్రం కొనకండి. చిన్న సీసా, ముదురు రంగుది, తీసిన తేదీ చూసి తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టండి. పోపుకు, వేపుళ్లకు ఇది పనికిరాదు. సలాడ్ మీదో, చల్లారిన పప్పులోనో కలుపుకోవచ్చు. చెంచాడుకు 40 కేలరీలని కూడా గుర్తుంచుకోండి.

రక్తం పలచబడే మందులు వాడేవారు, ఆపరేషన్ దగ్గరపడినవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. దీన్ని నమ్ముకుని బీపీ మాత్ర మానేయడం శుద్ధ తెలివితక్కువ.

నన్నడిగితే, నూనె కన్నా గింజే మేలు. పీచు గింజలోనే మిగిలిపోతుంది, నూనెలోకి రాదు. బేగంబజార్‌లో గింజలు తెచ్చి, సన్న సెగ మీద చిటపటలాడే దాకా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి కారప్పొడి కొట్టుకోండి. గింజను అలాగే మింగితే చాలావరకు అరగకుండానే పోతుంది, దంచాల్సిందే. పొడి కూడా వారానికి సరిపడా మాత్రమే. సెలవు.