ఆ కట్ట భోగి మంటలో వేసే ముందు

అందరికీ నమస్కారం. పెద్దలున్నారు, కమిటీ వాళ్లున్నారు, ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన పావుగంటా దానికే అయిపోతుంది, అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం. మైకు వెనక వరకూ వినిపిస్తోందా అమ్మా? సరే.

పండక్కి ఇల్లు సర్దుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఎల్లుండే భోగి. బూజులు దులపడం, అటక మీద సామాను దించడం, ఇత్తడి బిందెలు చింతపండుతో తోమడం మీకు నేను చెప్పాలా? ఇక్కడున్న అక్కయ్యలందరికీ నాకంటే బాగా తెలుసు. సామాను గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. 2024 సెప్టెంబరు ఒకటో తారీకు ఆదివారం, బుడమేరు వాగు నీళ్లు మన విజయవాడ సింగ్ నగర్ మీద పడ్డాయి. నీళ్లు తీశాక పరుపులు, సోఫాలు, ఫ్రిజ్‌లు, పెళ్లికి పెట్టిన చెక్క బీరువాలు అన్నీ గుమ్మం ముందు కుప్ప పోసి ట్రాక్టర్లకి ఎత్తించాం. ఏడ్చాం. మళ్లీ మెల్లగా కొనుక్కున్నాం. అంత సామాను పోయాక కూడా ఇల్లు నడిచింది. కాగితాలు అలా కాదు. నేను మాట్లాడాలనుకున్నది కాగితాల గురించే.

మావారు పోయి నాలుగేళ్లు అవుతోంది. పొద్దున పేపరు చదువుతూ ఛాతీలో మంటగా ఉందన్నారు, మధ్యాహ్నానికి లేరు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో బ్యాంకు పని, ఇంటి పన్ను, ఇన్సూరెన్సు, అన్నీ ఆయనే చూసుకున్నారు. నేను ఎప్పుడైనా ఆ కాగితం ఏంటండీ అని అడిగితే "నీకెందుకు, నేనున్నాగా" అనేవారు. ప్రేమగానే అనేవారు. నాకూ అది హాయిగానే ఉండేది. ఆయన్ని నేను తప్పు పట్టడం లేదు, దయచేసి అలా అనుకోకండి. కానీ ఆ ఒక్క మాట నా చేత ఎనిమిది నెలలు ఇల్లంతా తవ్వించింది.

ఎక్కడెక్కడ వెతికానో వినండి. ఇంటి డాక్యుమెంటు ట్రంకు పెట్టెలో దొరికింది, లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకుముందు ఆ ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు, అందులో లేవు. అవి మా అత్తగారి పాత పట్టుచీర మడతలో ఉన్నాయి. ఒక ఎల్ఐసీ బాండు బీరువాలో అర కింద పరిచిన న్యూస్‌పేపరు అడుగున ఉంది, ఇంకొకటి ఏ సంవత్సరానిదో పాత పంచాంగంలో పెట్టి ఉంది. కరెంటు బిల్లులు మాత్రం ఒక్కటి కూడా పోలేదు, పాతిక ముప్పై ఏళ్లవి, మా మామగారి కాలం నుంచి ఉన్న ఇనప తీగకి గుచ్చి వంటింటి మేకుకి వేలాడుతూ ఉన్నాయి. అంత జాగ్రత్త మనిషి ఆయన. ఏ కాగితమూ పారేయలేదు. కానీ ఏది ఎక్కడుందో తెలిసిన మనిషి ఒక్కడే, ఆయన వెళ్లిపోయారు.

బాబుకి హైదరాబాద్‌లో ఉద్యోగం, వాడికి పది రోజులే సెలవు. ఆ తర్వాత నేనే తిరిగాను. డెత్ సర్టిఫికెట్ త్వరగానే వచ్చింది, తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నాను. ఒక బ్యాంకులో ఎఫ్‌డీ ఉందని పాస్‌బుక్‌లో ఒక ఎంట్రీ చూసి వెళితే నామినీ పేరు లేదన్నారు. సాక్షులు కావాలి, ష్యూరిటీ కావాలి, మీ అబ్బాయి వచ్చి సంతకం పెట్టాలి, ఈ ఫారం కాదు ఆ ఫారం. ఏడుసార్లు వెళ్లాను. ఏ బ్యాంకో చెప్పను, అక్కడున్న పిల్లలు మంచివాళ్లే. కానీ ఒకసారి కౌంటరులో అమ్మాయి "ఇంకా ఏమైనా ఖాతాలున్నాయా ఆంటీ" అని అడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ముప్పై నాలుగేళ్లు కలిసి బతికిన మనిషికి ఎన్ని ఖాతాలున్నాయో నాకు తెలియదు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇంకొక పొరపాటు జరిగింది, అది నా వల్లే. ఆయన ఫోన్ రింగయితే గుండె ఆగినట్టుండేది. అందుకని దాన్ని ఆపేసి బీరువాలో పెట్టేశాను, రీఛార్జ్ చేయించలేదు. కొన్ని నెలలకి ఆ నంబరే పోయింది. ప్రీమియం కట్టమని, వడ్డీ పడిందని, ఎక్కడెక్కడి నుంచో మెసేజీలు వచ్చేది ఆ నంబరుకే. ఏ ఖాతా ఎక్కడుందో చెప్పగలిగిన ఆ ఒక్క దారినీ నా చేతులతో నేనే మూసేశాను. మీ ఇంట్లో ఎప్పుడైనా అలాంటి రోజు వస్తే, రాకూడదు, వస్తే మాత్రం కనీసం ఏడాది పాటు ఆ సిమ్ పోనివ్వకండి.

ఒక్క నిమిషం. ఇక్కడున్న ఆడవాళ్లలో ఇంటి డాక్యుమెంటు ఎక్కడుందో తెలిసినవాళ్లు చెయ్యెత్తండి. ఎత్తండమ్మా, సిగ్గెందుకు. ఆరు, ఏడు. మనం ఎంతమంది ఉన్నాం? యాభైకి పైనే కదా. సరే, ఇప్పుడు మగవాళ్లలో, మీకు రేపు ఏమైనా అయితే మీ ఇంట్లోవాళ్లకి అన్నీ తెలుసు అని గట్టిగా చెప్పగలిగినవాళ్లు? అన్నయ్యగారూ, మీరొక్కరేనా?

వరద సంగతి మధ్యలో వదిలేశాను. ఆ ఎనిమిది నెలల తర్వాత నాకు బుద్ధొచ్చి కాగితాలన్నీ ఒకచోట చేర్చాను. ఇంటివి ఒక ఫైలు, బ్యాంకువి ఒకటి, ఆసుపత్రివి ఒకటి, పిల్లల సర్టిఫికెట్లు ఒకటి. నాలుగు ఫైళ్లూ బరువుగా ఉన్నాయని బీరువాలో అన్నిటికంటే కింది అరలో పెట్టాను. అప్పుడు ఎవరు అనుకున్నారు? ఆదివారం తెల్లవారేసరికి మంచం కోళ్లు మునిగాయి, చూస్తుండగానే మోకాళ్ల దాకా వచ్చింది. పైవాటాలో అద్దెకున్న అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని లాగితే పైకి వెళ్లాను. ఫైళ్లు గుర్తొచ్చేసరికి కిందికి దిగే వీల్లేదు. డాబా మీద నిలబడి, పడవలో ఎవరో పాలప్యాకెట్లు ఇస్తుంటే తీసుకుంటూ, నేను తలుచుకున్నది ఆ కింది అరనే.

నీళ్లు తీశాక కాగితాలు తడి ముద్దలా దొరికాయి. అప్పుడు నేర్చుకున్నది చెబుతాను, రాసుకోండి. తడిసిన కాగితాలని గబగబా విడదీయకూడదు, చిరిగిపోతాయి. ఎండలో పెట్టకూడదు, పెంకులా బిరుసెక్కుతాయి. నీడలో, ఫ్యాను కింద, మధ్య మధ్యలో పొడి న్యూస్‌పేపరు పెట్టి, ఆ పేపరు మారుస్తూ ఆరబెట్టాలి. బాల్‌పెన్నుతో రాసినవి నిలిచాయి. మా మామగారు ఇంకు పెన్నుతో రాసిన అప్పు కాగితాలన్నీ నీలం మరకలయ్యాయి. భద్రంగా ఉంటాయని లామినేషన్ చేయించిన మా బాబు పదో తరగతి మార్కుల లిస్టు అన్నిటికంటే ఎక్కువ పాడైంది, ఒక మూల నుంచి నీళ్లు లోపలికి దూరాయి, ఆరే దారి లేదు. దయచేసి అసలు సర్టిఫికెట్లు లామినేషన్ చేయించకండి. జిప్ ఉన్న మందపాటి కవర్లలో పెట్టి పై అరలో పెట్టుకోండి, నడుముకి పైన, ఒక్క చేత్తో పట్టుకుపోయేలా ఒకే సంచిలో.

రిజిస్టరయిన దస్తావేజు తడిసినా, చెద పట్టినా ప్రాణం మీదికి తెచ్చుకోకండి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోవచ్చు. నెంబరూ, సంవత్సరమూ తెలిస్తే పని సులువు, అందుకే ఆ రెండూ వేరేచోట రాసి పెట్టుకోవాలి. ఫోన్లో పత్రాలు దాచుకోవడానికి ప్రభుత్వం పెట్టిన డిజిలాకర్ 2015 నుంచీ ఉంది. అందులోకి ప్రభుత్వ సంస్థల నుంచే నేరుగా వచ్చిన పత్రాలు అసలు పత్రాలతో సమానంగా చెల్లుతాయి, మనం ఫోటో తీసి పెట్టుకున్నవి మాత్రం అలా చెల్లవు. మీ పిల్లల చేత పెట్టించుకోండి.

బ్యాంకు ఖాతాకి 2025 నవంబరు నుంచి నలుగురి దాకా నామినీలని పెట్టొచ్చు. ఒక్కరినైనా పెట్టండి. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి, వారసుల వాటా వేరే సంగతి, దాని గురించి కూడా ఇంట్లో మాట్లాడుకోవాలి. పదేళ్లు ఎవరూ ముట్టని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్లిపోతాయి, కానీ వారసులు తర్వాతైనా బ్యాంకులో అడిగి తీసుకోవచ్చు. ఎక్కడైనా అలాంటివి ఉన్నాయేమో వెతుక్కోవడానికి 2023లో రిజర్వ్ బ్యాంకు ఉద్గమ్ అనే వెబ్‌సైటు పెట్టింది. మా బాబు ఒకరోజు అందులో వాళ్ల నాన్న పేరు కొట్టి చూశాడు. ఏమీ రాలేదు. నేను మాత్రం ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను.

భోగి మంట గురించి చెప్పకపోతే నా మాట పూర్తి కాదు. మా పుట్టింట్లో, నాకు పదేళ్లప్పుడు, అటక మీద దొరికిన చెద పట్టిన కట్ట ఒకటి మా పెదనాన్న ఎవరినీ అడక్కుండా మంటలో వేశారు. మా నాన్నమ్మ పసుపు కుంకుమ కింద తెచ్చుకున్న ఎకరం కాగితాలు అందులో ఉన్నాయని నాన్నమ్మ అరిచేసరికి అంతా బూడిదయ్యింది. నాన్నమ్మ ఆ పండగ రోజు అన్నం తినలేదు. అందుకని చెబుతున్నాను, పాత గ్యాస్ బిల్లులు, పెళ్లి శుభలేఖలు, పాత మందుల చీటీలు వెయ్యండి, కానీ ప్రతి కట్టా విప్పి, ఒక్కో కాగితం చూసి వెయ్యండి. స్టాంపు ఉంటే ఆగండి. సంతకం ఉంటే ఆగండి. చదవడం రాకపోతే పిల్లల చేత చదివించుకోండి.

నేను ఒక లాంగ్ నోటుబుక్ తెచ్చాను. ఇది కూడా వరదలో తడిసిందే, అట్ట ఉబ్బింది చూడండి. మొదటి పేజీలో ఖాతాలు ఏ బ్యాంకుల్లో ఉన్నాయో రాశాను, పాస్‌వర్డులు రాయలేదు. రెండో పేజీలో పాలసీలు, మూడో పేజీలో ఇంటి డాక్యుమెంటు నెంబరు, లింకులు, ఈసీ, అంటే ఆస్తి మీద లావాదేవీలూ తాకట్లూ చూపించే సర్టిఫికెట్, తీసిన తేదీ. నాలుగో పేజీలో మనం ఎవరికి బాకీ, మనకి ఎవరు బాకీ. ఇది ఎక్కడ ఉంటుందో మా బాబుకి తెలుసు, కోడలికి తెలుసు, పైవాటా అమ్మాయికీ తెలుసు. నంబర్లున్న మొదటి మూడు పేజీలూ పిన్ను కొట్టి మూసేశాను, మిగతావి తిరగేసి ఎలా గీతలు కొట్టానో చూసుకోండి. ముందు వరస నుంచి మొదలుపెట్టి వెనక్కి అందించండి. కాస్త మెల్లగా తిప్పండమ్మా, ఆ పేజీలు ఇంకా పెళుసుగానే ఉన్నాయి.