పేజీలో పెట్టిన ఫోటో మాయమైపోతోందా? లింకు చివర ఓసారి చూడండి

నమస్కారమండి, శ్రీకాకుళం నుంచి మళ్లీ వచ్చాను. ముందు ఈ పేజీ సూడండి. పొందూరు ఖద్దరు మీద నేనే రాసుకున్నాను. "పత్తిని వాలుగ చేప దవడతో ఎలా దువ్వుతారో పక్క ఫోటోలో చూడండి" అన్నాను. పక్కన ఏటుంది? చిరిగిన కాగితం బొమ్మ! మా పిన్ని ఎదురుగా కూచుని తీసిన ఫోటో అది.

పేజీలో మనం పెట్టేది ఫోటో కాదండి, ఫోటో ఉన్న చోటి అడ్రసు. ఆ చోటు మనది కాకపోతే అంతే. 2017లో ఫోటోలు దాచిపెట్టే ఫోటోబకెట్ అనే సైటు వాళ్లు, బయటి పేజీల్లో ఫోటోలు కనబడాలంటే ఏడాదికి 399 డాలర్లు కట్టమన్నారు. కట్టనోళ్ల ఫోటోలన్నీ పోయి, వాటి చోట మీటరు బొమ్మొకటి వచ్చి కూచుంది.

సరే, రైట్ క్లిక్, ఇమేజ్ అడ్రస్ కాపీ, ఇక్కడ పేస్ట్. ఇది మీకు తెలిసిందే.

ఇప్పుడు ఆగండి. నేను బోల్తాపడ్డది ఇక్కడే. లింకు చివరికి రండి... ఇంకా చివరికి... ఇదిగో, ప్రశ్నార్థకం. దాని తర్వాత సూడండి, ఎక్స్‌పైర్స్, ఈక్వల్ టు, 604800. ఏటిది? సెకన్లండి. 86400తో భాగించండి. ఏడు. ఏడు రోజులు! లింకులోనే గడువు రాసుంది, నేను చూడలేదు. పైగా నాకు చాన్నాళ్లు ఫోటో బాగానే కనబడింది. ఎందుకంటే నా బ్రౌజర్ దాచుకున్న పాత కాపీనే నాకు చూపిస్తోంది. చూసినవాళ్లు "ఫోటో లేదు" అంటే, "మీ నెట్ బాలేదేమో" అన్నాను కూడా. డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్ లింకులూ ఇంతే, 2023 చివర్లో గడువు పెడతామని చెప్పి పెట్టేశారు. ప్రశ్నార్థకం ఉన్న ప్రతి లింకూ చెడ్డది కాదు, కొన్నిట్లో అది సైజు కోసమే. గడువు మాట ఉందా లేదా, అదీ చూసుకోవాల్సింది.

అందుకని నేను వికీమీడియా కామన్స్‌లో పెడుతున్నాను, అందరూ వాడుకునే ఫోటోలు ఉంచే సైటు అది. 2004 నుంచి ఉంది. మీరు తీసిన ఫోటో అయితేనే పెట్టండి, ఎవరైనా వాడుకోవచ్చని ఒప్పుకోవాలి. అప్‌లోడ్, నెక్స్ట్, నెక్స్ట్, అయిపోయింది.

ఫైలు పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెడతాను. తెలుగు మీద ప్రేమ లేక కాదండోయ్! తెలుగు పేరున్న లింకు కాపీ చేస్తే ఒక్కో అక్షరం కనీసం తొమ్మిది గుర్తులవుతుంది, సూడండి, పర్సెంట్ ఈ జీరో, పర్సెంట్ బీ జీరో... లింకు చాంతాడంత అవుతుంది.

ఒరిజినల్ ఫోటో పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో పేజీని సేవ్ చేసినప్పుడు ఫోటో అడ్రసు కూడా విడిగా ఇవ్వండి, నేనైతే రెండూ ఇస్తాను.

ఇప్పుడు ఇన్‌కాగ్నిటో, అంటే బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ చూపించని కిటికీ. క్రోమ్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఎన్. ఫైర్‌ఫాక్స్ వాళ్లకి ఎన్ బదులు పీ. కొత్త లింకు పేస్ట్... ఎంటర్... ఆఁ, వచ్చింది. పిన్ని చెయ్యి, ఆ దవడ, రెండూ కనబడుతున్నాయి. పాత లింకు తీసేసి ఇది పెట్టేస్తున్నాను. సేవ్.