ఊరికే కూర్చోమన్నారు

(టెక్కలిలో రైతులు, డిగ్రీ విద్యార్థులు వచ్చిన సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సెక్షన్లన్నీ ఏకరువు పెడితే పావుగంటలో సగం మంది బయట టీ కొట్టు దగ్గర ఉంటారని నాకు తెలుసు. అందుకని ఒక్క మాట పట్టుకుని మాట్లాడతాను. ఆ మాట ‘కూర్చోబెట్టారు’.

కిందటేడు ఉభాల రోజుల్లో, అంటే వరి నాట్లప్పుడు, ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. పొలం గట్టు తగాదా. ఆమె కొడుకు చేతిలో పార ఉంది, పక్క రైతు భుజానికి దెబ్బ తగిలింది. మంగళవారం పొద్దున్న కానిస్టేబుల్ వచ్చి ‘ఎస్సైగారు రమ్మంటున్నారు’ అని బండి మీద తీసుకెళ్లాడు. ఆమె నా దగ్గరకు వచ్చింది గురువారం మధ్యాహ్నం. ‘అరెస్టు చేశారా అమ్మా?’ అన్నాను. ‘నేదు బావూ, అరెస్టు కాదట. ఉత్తినే కూకోబెట్టినారు’ అంది. చేతిలో స్టీలు క్యారేజీ. రెండు రోజులుగా పూటపూటా స్టేషన్‌కు అన్నం మోస్తోంది.

దర్యాప్తు, అరెస్టు ఎలా జరగాలో చెప్పే చట్టం సీఆర్‌పీసీ. 2024 జులై 1 నుంచి అది పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. అందులో 531 సెక్షన్లున్నాయి. ఒక్కదాంట్లోనూ ఈ కూర్చోబెట్టడం లేదు. ఉన్నవి ప్రధానంగా మూడు దారులు. సాక్షిగా కావాలంటే 179 కింద కాగితం మీద రాసి పిలవాలి. ఆడవాళ్లనీ, అరవై దాటినవాళ్లనీ అయితే స్టేషన్‌కు రమ్మనకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. నిందితుడైతే 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవాలి. మన కోర్టుల దగ్గర ఇప్పటికీ దాన్ని పాత అలవాటుతో 41ఏ నోటీసనే అంటారు. మూడోది అరెస్టు. మూడింటికీ కాగితం ఉంటుంది. కాగితం లేకుండా బెంచీ మీద ఉన్నాడంటే, లేచి ఇంటికి పోయే స్వేచ్ఛ లేదంటే, పేరేదైనా అది నిర్బంధమే.

ఆ కుర్రాడి మీద పెట్టింది నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలో 118(1), పాత ఐపీసీ లెక్కలో 324. ఎక్కువలో ఎక్కువ మూడేళ్ల శిక్ష. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో ఆలోచించకుండా అరెస్టు చేయొద్దని, ఎందుకు అవసరమో రాయాలని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అతనికి మంగళవారమే నోటీసు ఇచ్చి పంపేయొచ్చు. అయితే నోటీసు అందుకున్నాక చెప్పిన రోజు వెళ్లాలి. వెళ్లకపోతే దాన్నే కారణంగా చూపించి లోపల పెట్టొచ్చు.

మరి ఎందుకు కూర్చోబెట్టారు? పోలీసుల్ని ఒక్కళ్లనే అంటే సరిపోదు. ఊరి పెద్దమనుషులు రాజీ కుదిరేదాకా ఉంచమంటారు. మన ఇళ్లవాళ్లం కూడా ‘సార్, అరెస్టు చూపించకండి, పరువు పోతుంది’ అని బతిమాలతాం. ఆ బతిమాలడంతోనే గడియారం ఆగిపోతుంది. అరెస్టు చూపిస్తే 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, మేజిస్ట్రేట్ ముందు పెట్టి తీరాలి. రాజ్యాంగం 22వ అధికరణం అది. కూర్చోబెట్టినవాడికి ఆ లెక్క ఎక్కడ మొదలవుతుందో ఎవరూ రాయరు. రాతలో అరెస్టు గురువారం సాయంత్రం అవుతుంది, మంగళ, బుధవారాలు గాలిలో కలిసిపోతాయి.

వాటిని పట్టుకోవడానికి ఒక దారి ఉంది. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డు పద్దెనిమిది నెలలు దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నేను ఆ రోజు అర్జీలో ‘మంగళవారం ఉదయం నుంచి ఫుటేజీ భద్రపరచండి’ అని ఒక వాక్యం రాసి పై అధికారికి పంపాను. సాయంత్రం ఆరు గంటలకు కుర్రాడి చేతిలో నోటీసు పెట్టి పంపేశారు. ఆ వాక్యమే పనిచేసిందా, ఎస్సైగారికే విసుగొచ్చిందా, నేను చెప్పలేను.

అయితే బయటికొచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. ‘ఏమైనా సంతకం పెట్టావా?’ అన్నాను. ‘తెల్లకాయితం మీద ఎట్టీమన్నారు, ఎట్టీసినాను’ అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగుదాం. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకమే ఉండకూడదు, అది సురక్షా సంహితలో 181వ సెక్షన్. ఇక నేరం ఒప్పుకున్నట్టు పోలీసు రాసింది సాక్ష్యంగా పనికిరాదు, అది కొత్త సాక్ష్య చట్టంలో 23. అతను చెప్పిన దాన్నిబట్టి వస్తువేదైనా దొరికితే ఆ మేరకే లెక్కలోకి వస్తుంది. పేపర్లో ముసుగు వేసిన ఫోటో కింద ‘నేరం ఒప్పుకున్నాడు’ అని చదివి మనం అరుగు మీదే తీర్పు చెప్పేస్తాం గానీ, కోర్టులో దానికి విలువ లేదు. సంతకం పెట్టాల్సినవి వేరే ఉంటాయి: నోటీసు అందినట్టు, అరెస్టు మెమో లాంటివి. వాటి మీద చదివాకే పెట్టాలి, పక్కన తేదీ, టైము మీ చేత్తో వేయాలి. ఖాళీ కాగితం మీద వద్దు.

నిజంగా అరెస్టే అయితే మెమో మీద ఇంటివాళ్లదో ఊళ్లోవాళ్లదో సాక్షి సంతకం ఉండాలి. మీరు చెప్పిన మనిషికి కబురు పెట్టాలి. ఎందుకు అరెస్టు చేశారో మీకు అర్థమయ్యే భాషలో రాసివ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మేజిస్ట్రేట్ ముందుకు వెళ్లినప్పుడు ‘కొట్టారా?’ అని అడుగుతారు. పక్కన కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు కాబట్టి తొంభై మందిలో ఎనభై మంది తల అడ్డంగా ఊపుతారు. నేను కళ్లారా చూసిన మాట, లెక్క మాత్రం నా నోటి లెక్క. వీపు మీద వాత ఉన్నా ఊపుతారు. ఆ ఒక్క నిమిషం తర్వాత అది రికార్డులోకి ఎక్కించడం నాలాంటివాడికి చాలా కష్టం.

బెయిలు సంగతి రెండు ముక్కలు. అరవై రోజుల్లో, పెద్ద కేసైతే తొంభై రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కానీ అర్జీ పెట్టాలి. ఛార్జిషీటు పడ్డాక అడిగితే ఆ హక్కు పోయినట్టే.

లాయరుకు డబ్బుల్లేవన్న మాట చాలాసార్లు వింటాను. కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లీగల్ సర్వీసెస్ నుంచి ఉచితంగా లాయర్ని ఇస్తారు. నంబరు 15100. రాసుకోండి, వెనక బెంచీ వాళ్లు కూడా.

గట్టు కేసు ఇంకా వాయిదాల్లో ఉంది. ఈ ఏడు ఆ గట్టు మీద కంది ఎవరూ వేయలేదు. వాయిదాకు వచ్చినప్పుడు ఆవిడ ఇప్పటికీ క్యారేజీ తెస్తుంది, కోర్టు చెట్టు కింద కొడుకూ తనూ తింటారు. ఇక ప్రశ్నలుంటే అడగండి.