సొంత ఊళ్లో, సొంత పేరున్న కారుతో: లె మాన్ గెలిచిన రోందో

అందరికీ నమస్కారం. 1980 జూన్ 15, ఆదివారం మధ్యాహ్నం. ఫ్రాన్స్‌లోని లె మాన్. 24 గంటల రేసు ముగియడానికి ఇక కాసేపే ఉంది. ఇంతలో మళ్లీ వాన పట్టుకుంది. ముందు పోతున్న కారు పేరు రోందో. ఆ కారు కట్టించిన మనిషి పేరు జాన్ రోందో. పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. వెనక తరుముతున్నది పోర్షె. దాని స్టీరింగ్ పట్టుకున్నది అప్పటికే ఈ రేసు నాలుగుసార్లు గెలిచిన జాకీ ఇక్స్.

ఇక్స్ వాన టైర్ల కోసం పిట్‌లోకి, అంటే రేసు మధ్యలో టైర్లు మార్చే చోటికి వెళ్లాడు. రోందోతో వంతులవారీగా ఆ కారు నడుపుతున్న జాన్ పియేర్ జోసో మాత్రం ఆగలేదు. గాడులు లేని స్లిక్ టైర్ల మీదే వెళ్లిపోయాడు! తడి రోడ్డు మీద ఆ నున్నటి టైర్లకు పట్టే ఉండదు. చిన్న తప్పు జరిగితే నాలుగేళ్ల కష్టం గోడకు కొట్టుకుంటుంది.

ఆ నాలుగేళ్లు ఏంటో చెప్తాను. 1976లో రోందోకు డబ్బు పెట్టింది ఇనాల్టెరా అనే వాల్‌పేపర్ కంపెనీ. అవును, గోడలకు అంటించే కాగితాల కంపెనీయే. కార్లకూ అదే పేరు. ఆ ఏడాది లె మాన్‌లో ఎనిమిదో స్థానం. 1977లో రోందో స్వయంగా నడిపి నాలుగో స్థానం తెచ్చాడు. సరిగ్గా అప్పుడే కంపెనీ తప్పుకుంది, కార్లు అమ్మేశారు. ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవాళ్లేమో. ఆయన 1978లో సొంత పేరుతో మళ్లీ మొదలుపెట్టాడు. ఆ కారు ఎం378. అందులో 'ఎం' అంటే మార్జొరీ బ్రోస్, కష్టకాలంలో అండగా నిలిచిన ఆవిడ పేరు. ఆ ఏడాది తొమ్మిదో స్థానం, 1979లో ఐదో స్థానం.

ఎనిమిది, నాలుగు, తొమ్మిది, ఐదు. నా దృష్టిలో అసలు కథ ఈ అంకెల్లోనే ఉంది. ప్రతి ఏడూ ఆయన కారు ఒకటైనా చివరిదాకా నిలబడి, పై వరసలో ముగించింది. సొంతంగా ఇంజిన్ తయారుచేసే స్థోమత ఆయనకు లేదు. డబ్బు కట్టి కొనుక్కోగలిగిన కాస్‌వర్త్ కంపెనీ ఇంజిన్, డీఎఫ్‌వీ అనే మూడు లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వీ8 పెట్టుకున్నాడు. అది రెండు గంటల్లోపు ముగిసే ఫార్ములా వన్ రేసుల కోసం పుట్టిన ఇంజిన్. దాని వణుకు మామూలు వణుకు కాదు. 24 గంటలు ఆ వణుకు తగిలితే పైపులు, బిగింపులు, చుట్టూ ఉన్నవన్నీ అలిసిపోతాయి. అందుకే దాన్ని పూర్తి జోరులో తిప్పకుండా నడపాలి. కాస్త వేగం వదులుకోవాలి, ఓపిక పట్టాలి. ఆ ఓపిక రోందోకు నాలుగేళ్లలో ఒంటబట్టింది.

1980లో మూడు కార్లు దింపాడు. వాటిలో పోల్ పొజిషన్, అంటే అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే చోటు తెచ్చుకున్నది డ్రైవర్ పెస్కరోలో కారు, అది రేసు పూర్తి చేయలేకపోయింది. కుండపోత వానలో మొదలైన రేసు అది. ఆదివారం పొద్దున పోర్షె గేర్‌బాక్స్ మొరాయించింది. దాన్ని బాగుచేసేలోపు రోందో ముందుకొచ్చేశాడు. కానీ టెన్షన్ అక్కడితో అయిపోలేదు. మధ్యాహ్నం జల్లులో రోందో నడుపుతున్న కారే గిర్రున తిరిగింది! అదృష్టం కొద్దీ మళ్లీ దారిన పడి, పిట్ దాకా తెచ్చి స్టీరింగ్ జోసోకు అప్పగించాడు.

ఆ తర్వాతే ఇందాక చెప్పిన చివరి వాన. జోసో 1978లో రెనో తరఫున ఇదే రేసు గెలిచినవాడు, ఈ రోడ్డు తెలిసినవాడు. జారుతున్న కారును అలాగే పట్టుకుని నడిపాడు. మొత్తం 338 ల్యాపులు (ట్రాక్ చుట్టూ చుట్లు), 4,600 కిలోమీటర్లకు పైగా దూరం. పోర్షె రెండు ల్యాపులు వెనక. మూడో స్థానంలో కూడా రోందో కారే! సొంత పేరున్న కారును స్వయంగా నడిపి లె మాన్ గెలిచినవాళ్లు ఆయన తప్ప ఇప్పటికీ ఇంకెవరూ లేరు.

తర్వాతి ఏడాది రెండు, మూడు స్థానాలు వచ్చినా, ఆనందించే పరిస్థితి లేదు. అదే రేసులో రోందో కారు నడుపుతూ జాన్ లూయీ లఫోస్ చనిపోయాడు. 1982లో ఇటలీలోని మోంజా రేసు గెలిచారు, ప్రపంచ టైటిల్ అంచుదాకా వెళ్లారు. కానీ పాయింట్ల లెక్కలో పోర్షె పైకొచ్చింది. 1983లో కొత్త కార్లు ఒక్కటీ లె మాన్ చివరిదాకా రాలేదు. చేతిలో డబ్బూ అయిపోయింది.

రోందో వర్క్‌షాప్ లె మాన్ పక్కనే, షాంపాన్యే అనే ఊళ్లో ఉండేది. 1985 డిసెంబర్ 27న అదే షాంపాన్యేలో, రైల్వే గేటు దగ్గర ఆయన కారును రైలు ఢీకొట్టింది. అప్పటికి ఆయన వయసు 39.